ఎవరూ ఎక్కని బస్సు

ఇంతవరకూ తయారైన వీడియో ఆటలన్నిటిలోకీ పరమ చెత్త ఆట ఏది అని ఎవరైనా అడిగితే, పెద్దగా ఆలోచించకుండా నేను చెప్పే పేరు ఒకటుంది: డెజర్ట్ బస్. ఎడారి బస్సు అన్నమాట. చేతకాక చెత్తగా తీసిన ఆట అనుకునేరు. పనిగట్టుకుని, బుర్ర పెట్టి, శ్రద్ధగా చెత్తగా తయారుచేసిన ఆట ఇది. ఆ ఆట పేరు చెప్పుకుని 2007 నుంచీ ఏటా కొంతమంది రోజుల తరబడి జాగారం చేస్తున్నారు. ఆ బస్సు బొమ్మతో బొంతలు కుట్టేవాళ్ళు, చెక్క మీద చెక్కేవాళ్ళు, ఉన్నితో అల్లేవాళ్ళు బోలెడు మంది పోగయ్యారు. అవన్నీ వేలం వేసి, వచ్చిన డబ్బు ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల కోసం ఇచ్చేస్తారు. ముక్కలు ముక్కలుగా మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కానీ మొదటి నుంచీ వరసగా చెప్పుకుంటే ఇందులో ఓ తమాషా మెలిక ఉంది, అందుకని కాస్త ఓపిక పట్టండి.

ముందు ఆట సంగతి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అని ఓ ఊరు. అక్కణ్ణించి నెవాడాలోని లాస్ వేగస్ దాకా మీరు బస్సు నడపాలి. బస్సులో ప్రయాణీకులు లేరు. రోడ్డు మీద ఇంకో బండి ఎదురురాదు. మలుపులు లేవు. చుట్టూ ఇసక, అక్కడక్కడా తుప్పలు. బస్సు గంటకి 45 మైళ్ళు మించి పోదు. దూరం 360 మైళ్ళు. భాగించుకోండి, 8 గంటలు. ఆటలో 8 గంటలు అంటే మూడు నిమిషాల్లో అయిపోతాయేమో అనుకోకండి, మీ ఇంట్లో గోడ గడియారం ప్రకారం 8 గంటలు! మన లెక్కలో చెప్పాలంటే దాదాపు హైదరాబాదు నుంచి బెంగుళూరు, మధ్యలో టీ కూడా తాగకుండా.

పోనీ మీట మీద ఏ డిక్షనరీయో పెట్టేసి మనం పోయి పడుకుందాం అంటే అదీ కుదరదు. బస్సు ఎప్పుడూ కొద్ది కొద్దిగా కుడిపక్కకి లాగుతూ ఉంటుంది. మనం ఉండుండి ఎడమకి సర్దుతూ ఉండాలి. (ఈ ఒక్క చిన్న మెలిక పెట్టినవాడు ఎవడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. ఆట మొత్తం దాని మీదే నిలబడింది.) మధ్యలో ఆపే వీలు లేదు. ఏమరుపాటున రోడ్డు దిగితే ఇంజను ఆగిపోతుంది, ఓ బండి వచ్చి మన బస్సుని లాక్కుంటూ తిరిగి టూసాన్ తీసుకెళుతుంది. అది కూడా నిజం గడియారం ప్రకారమే. నాలుగు గంటలు నడిపాక రోడ్డు దిగితే నాలుగు గంటలు వెనక్కి! దారిలో జరిగే చెప్పుకోదగ్గ సంఘటన ఒకే ఒక్కటి, కొన్ని గంటలయ్యాక ఒక పురుగు వచ్చి అద్దానికి కొట్టుకుని చచ్చిపోతుంది. అన్నీ దాటుకుని లాస్ వేగస్ చేరితే మీకు ఒక్క మార్కు ఇస్తారు. అక్షరాలా ఒకటి. ఆ వెంటనే, తిరిగి టూసాన్ దాకా నడుపుతారా, ఇంకో మార్కు ఇస్తాం అని అడుగుతుంది.

ఇలాంటిది ఎవరు చేశారు, ఎందుకు చేశారు? చేసింది పెన్ అండ్ టెల్లర్ అనే ఇంద్రజాలికుల జంట. పెన్ జిలెట్ ఆపకుండా మాట్లాడతాడు, టెల్లర్ వేదిక మీద నోరు విప్పడు. వాళ్ళ ఇంద్రజాలంలో ఎప్పుడూ ఎకసెక్కం పాలు ఎక్కువ. ఎందుకు అన్నది తెలియాలంటే 1993 డిసెంబరుకి వెళ్ళాలి. వీడియో ఆటల్లో హింస పెరిగిపోయింది, పిల్లలు పాడైపోతున్నారు అని అమెరికా సెనేట్‌లో జో లీబర్మన్, హెర్బ్ కోల్ అనే ఇద్దరు సెనేటర్లు విచారణ పెట్టించారు. మోర్టల్ కొంబాట్, నైట్ ట్రాప్ అనే ఆటలకి అక్కడ మంగళహారతులు పాడారు. మీ అంతట మీరు కట్టడి చేసుకోకపోతే మేమే చట్టం తెస్తామన్నారు. దాంతో కంపెనీలు భయపడి 1994లో ఏ ఆట ఏ వయసు వాళ్ళకి అని అట్టపెట్టెల మీద ముద్రలు వేసే పద్ధతి తెచ్చుకున్నాయి.

ఆ గోలంతా విన్న పెన్ అండ్ టెల్లర్, సరే అయితే, హింస లేని ఆట, నిజ జీవితానికి అచ్చు గుద్దినట్టుండే ఆట, పెద్దల మనసుకి ఏమాత్రం కష్టం కలిగించని ఆట చేద్దాం అనుకున్నారు. అలా పుట్టింది డెజర్ట్ బస్. విడి ఆట కాదది. స్మోక్ అండ్ మిర్రర్స్ అని వాళ్ళ పేరు మీద సెగా సీడీ యంత్రానికి తయారైన ఆటలమూటలో ఒకటి. మిగతావాటిలో చాలామటుకు పక్కన కూర్చుని ఆడే స్నేహితుణ్ణి బోల్తా కొట్టించే ఉపాయాలు. అన్నట్టు సెనేట్‌లో తిట్లు తిన్న నైట్ ట్రాప్ కూడా ఆ సెగా సీడీ ఆటే. అదే యంత్రంలో పక్కపక్కనే ఉండాల్సిన సరుకు.

ఉండాల్సిన అని ఎందుకన్నానంటే, ఈ ఆట అసలు అంగట్లోకే రాలేదు. దీన్ని ప్రచురించాల్సిన అబ్సల్యూట్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ 1995లో మూతపడింది. అప్పటికే సెగా సీడీ పని కూడా అయిపోవచ్చింది. ఆట మొత్తం తయారయ్యి, సమీక్ష రాయమని కొందరు పత్రికల వాళ్ళకి ప్రతులు కూడా పంపాక ఆగిపోయింది. మన పరిశ్రమలో ఇలాంటి చావులు మామూలే. ఏడాదిన్నర పనిచేసి, పరీక్షలన్నీ పాసయ్యి, రేపు విడుదల అనగా ప్రాజెక్టు రద్దు అయ్యిందన్న ఈమెయిలు చూసినవాళ్ళు మీలో చాలామందే ఉండుంటారు. తరవాత ఆ కోడు ఏ సర్వర్లో ఏ మూల పడి ఉంటుందో ఎవరికీ తెలీదు.

దీని అదృష్టం బాగుంది. విడుదల కాని ఆటలని వెతికి దాచటమే పనిగా పెట్టుకున్న ఫ్రాంక్ సిఫాల్డీ చేతికి 2005లో ఆ సమీక్ష ప్రతుల్లో ఒకటి దొరికింది. ఆయన దాన్ని గురించి రాశాడు, ఆట నకలు అంతర్జాలంలోకి వచ్చింది. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటరు ఉంటే ఎవరైనా ఆడొచ్చు. పదేళ్ళు ఆలస్యంగా జనం పగలబడి నవ్వారు. (సిఫాల్డీ ఆ తరవాత 2017లో వీడియో ఆటల చరిత్రని భద్రపరచటానికి ఓ సంస్థే పెట్టాడు. ఆ పని విలువ తెలియనివాళ్ళకి నేను చూపించే ఉదాహరణ డెజర్ట్ బస్సే.)

ఇప్పుడు కథ ఇంకో దారిలోంచి రావాలి. 2003లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్ హెరాల్డ్ అనే పత్రికలో, వీడియో ఆటలు పిల్లలకి హింస నేర్పుతున్నాయంటూ ఒక వ్యాసం వచ్చింది. పదేళ్ళ కిందటి సెనేట్ పాటే, కొత్త గొంతుతో. అదే రాష్ట్రంలో పెన్నీ ఆర్కేడ్ అని వీడియో ఆటల మీద హాస్యచిత్రాలు గీసి, రాసే మైక్ క్రాహులిక్, జెర్రీ హోల్కిన్స్ దాన్ని చదివారు. వాళ్ళ నోటి దురుసు లోకప్రసిద్ధం, కాబట్టి ఉతికి ఆరేస్తారనే అందరూ అనుకుంటారు. కానీ వాళ్ళు చేసిన పని వేరు. వీడియో ఆటలు ఆడేవాళ్ళం ఎలాంటివాళ్ళమో చూపిద్దాం, సియాటిల్ పిల్లల ఆసుపత్రికి బొమ్మలు, ఆటలు కొని పంపండి అని పాఠకులని అడిగారు. ఆ ఏడాది వచ్చిన బొమ్మలూ, డబ్బూ కలిపి రెండున్నర లక్షల డాలర్ల విలువ చేసింది. దానికి చైల్డ్స్ ప్లే అని పేరు పెట్టి సంస్థగా మార్చారు. ఆసుపత్రి తనకి కావలసిన ఆటవస్తువుల పట్టీ పెడుతుంది, జనం కొనిస్తారు. తరవాత్తరవాత వేరే దేశాలతో కలిపి వందకు పైగా ఆసుపత్రులకి విస్తరించింది.

2004 డిసెంబరులో చైల్డ్స్ ప్లే వాళ్ళు మొదటిసారి విందు, వేలం పెట్టారు. మీ బొమ్మని పెన్నీ ఆర్కేడ్ హాస్యచిత్రంలో ఒకసారి గీస్తాం అన్న అవకాశాన్ని వేలం వేస్తే 20 వేల డాలర్లు పలికింది. ఆ రాత్రి మొత్తం మీద 80 వేలు దాటింది. మూడు గళ్ళ వ్యంగ్యచిత్రంలో ఓ మూల నిలబడటానికి 20 వేలు! ఎవడన్నా ఇస్తాడా అంటే, ఇచ్చాడు.

రెండు దారులూ కలిసింది 2007 నవంబరులో, కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం విక్టోరియా నగరంలో. లోడింగ్ రెడీ రన్ అనే హాస్య బృందం అక్కడ ఉండేది, చిన్న చిన్న వీడియోలు తీసి అంతర్జాలంలో పెట్టేవాళ్ళు. గ్రాహం స్టార్క్, పాల్ సాండర్స్ దాని మూలపురుషులు. చైల్డ్స్ ప్లేకి విరాళాలు పోగుచేద్దాం అనుకున్నారు. ఎలా? జనం డబ్బు ఇస్తున్నంతసేపూ మేము డెజర్ట్ బస్ నడుపుతాం, మమ్మల్ని ప్రత్యక్షప్రసారంలో చూడండి అన్నారు. దానికి డెజర్ట్ బస్ ఫర్ హోప్ అని పేరు. నలుగురు వంతులవారీగా నడిపారు.

ఇందులో లెక్క నాకు భలే నచ్చుతుంది. మొదటి గంట ఖరీదు ఒక డాలరు. తరవాత ప్రతి గంటా అంతకుముందు గంట కన్నా 7 శాతం ఎక్కువ. చక్రవడ్డీ అన్నమాట. మొదటి 24 గంటలకి మొత్తం 58 డాలర్లు చాలు. రెండ్రోజులకి 353. ఇంతేనా అనిపిస్తుంది కదూ. మూడ్రోజులకి 1,850. నాలుగు రోజులకి 9,400. అయిదు రోజులకి 48 వేలు. పూర్తిగా వారం నడవాలంటే 12 లక్షల 34 వేల డాలర్లు కావాలి. కావాలంటే మీరే ఓ చిన్న లూపు రాసి చూసుకోండి. ఈ సూత్రం తమాషా ఏమిటంటే ఇది రెండువైపులా కాపు కాస్తుంది. మొదట్లో పావలా అర్ధా ఇచ్చినవాడికి కూడా నా డబ్బుతో ఒక గంట నడిచిందన్న తృప్తి ఉంటుంది. ఇంకోపక్క, ఎంత డబ్బు వచ్చి పడినా నడిపేవాడు చచ్చిపోడు. విరాళాలు రెట్టింపు అయితే శిక్ష పది గంటలే పెరుగుతుంది. మన ప్రాజెక్టు మేనేజర్లలో ఒక్కడికి కూడా లాగరిథం ఇంత అందంగా అర్థమైన దాఖలా నాకు కనపడలేదు.

మొదటి ఏడాది నాలుగున్నర రోజులు నడిచింది. వచ్చింది 22,800 డాలర్ల పైచిలుకు. సంగతి తెలిసి పెన్ అండ్ టెల్లర్ వాళ్ళకి భోజనం తెప్పించి పెట్టి, విరాళం కూడా ఇచ్చారు. తాము వేసిన జోకు పన్నెండేళ్ళ తరవాత ఇలా తిరిగొస్తుందని కలగనుండరు. 2008లో 70 వేలు, 2009లో లక్షా 40 వేలు. 2020లో కరోనా మూలాన ఎవరిళ్ళల్లోంచి వాళ్ళు నడిపారు, ఆ ఏడే మొట్టమొదటిసారి పది లక్షల డాలర్లు దాటింది. సూత్రం ప్రకారం అది దాదాపు ఏడు రోజులు. మొత్తం కలిపి 2023 నాటికి కోటి డాలర్లు దాటింది.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న వేలంపాట దగ్గరికి వస్తాను. ఒట్టినే బస్సు నడపటాన్ని ఎవరైనా ఎంతసేపు చూస్తారు? అందుకని పక్కన వీళ్ళు పాటలు పాడతారు, చూసేవాళ్ళు విసిరే పందాలకి ఒప్పుకుంటారు, పిచ్చి గంతులేస్తారు. వాటితో పాటు, చూసేవాళ్ళు తయారుచేసి పంపిన వస్తువుల వేలం. బొంతలు, అల్లికలు, కుట్టుపని పటాలు, చెక్కపని, లోహంతో చేసినవి, బొమ్మలు, నగలు. చాలావాటి మీద ఆ బస్సో, ఆ రోడ్డో, అద్దానికి అంటుకున్న ఆ పురుగో ఉంటుంది. వీళ్ళలో ఎక్కువమంది కళాకారులుగా పేరున్నవాళ్ళు కాదు. పగలు ఉద్యోగం, రాత్రి సూదీ దారం. చాలా వస్తువులు వందల్లో పోతాయి, కొన్ని వేల డాలర్లు పలుకుతాయి.

పాత వీడియో ఆటల మీద బొమ్మలు గీసి ప్రదర్శించటం కొత్తేమీ కాదు. 2005లోనే లాస్ ఏంజిలిస్‌లో ఐ యామ్ 8 బిట్ పేరుతో జాన్ గిబ్సన్ పెద్ద ప్రదర్శన పెట్టాడు. మారియో, పాక్‌మాన్ లాంటివి చూస్తూ పెరిగిన చిత్రకారులు తమ చిన్నతనాన్ని గోడకెక్కించారు. అది అర్థమవుతుంది. కానీ డెజర్ట్ బస్ ఎవరి చిన్నతనం? ఎవరి ఇంట్లోనూ లేదు, ఏ దుకాణంలోనూ అమ్మలేదు. ఎవరూ ఆడని ఆట మీద బెంగ ఎలా పుడుతుంది? నా ఉద్దేశంలో ఆ బొంతల మీద ఉన్నది 1995 నాటి ఆట కానేకాదు. పోయినేడాది నవంబరులో తెల్లవారుజామున మూడింటికి, నిద్రమొహంతో బస్సుని ఎడమకి సర్దుతున్న ఒక మనిషిని, ముక్కూమొహం తెలియని ఇంకొన్ని వేలమందితో కలిసి చూసిన రాత్రి. దానికి గుర్తు కావాలి కాబట్టి బస్సు బొమ్మ.

మా ఆఫీసులో ఒకాయనకి ఇదంతా చెబితే ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోకుండా ఓ ప్రశ్న వేశాడు. "ఒక బొంతకి 200 గంటలు పట్టిందనుకో. వెయ్యి డాలర్లకి పోయిందనుకో. గంటకి 5 డాలర్లు. అదే మనిషి ఆ 200 గంటలు ఏదో పని చేసి ఆ జీతం విరాళం ఇస్తే అంతకి రెండు మూడింతలు అయ్యేది కదా. ఇదేం సామర్థ్యం?" అని. లెక్క తప్పు లేదు. అర్థశాస్త్రం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 2005లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో గోరీ, మాస్లాండ్, ఆండర్‌స్టాల్, టర్నర్ అని నలుగురు ఒక పేపరు రాశారు. ధర్మకార్యానికి డబ్బు పోగుచేసేటప్పుడు మామూలు వేలంపాట మంచి పద్ధతి కాదని వాళ్ళ వాదన. ఎందుకంటారా? మామూలు వేలంలో ఓడిపోయినవాడికి ఏమీ దక్కదు. ధర్మం కోసం వేసే వేలంలో నేను ఓడిపోయినా, గెలిచినవాడి డబ్బు నేను కోరుకున్న చోటికే పోతుంది. అంటే ఓటమి కూడా నాకు కాస్త తియ్యగానే ఉంటుంది. పైగా నేను ఇంకాస్త పెంచి గెలిస్తే, వాడు ఇవ్వబోయిన డబ్బుని నేనే రాకుండా ఆపినట్టు. కాబట్టి అందరూ కొంచెం ముందే చేతులు దించేస్తారు. గెలిచినా ఓడినా అందరూ కట్టాల్సిన పద్ధతి, లాటరీ లాంటిది, దీనికన్నా మేలు అని తేల్చారు. తమాషాగా డెజర్ట్ బస్ వాళ్ళు ఆ రెండూ చేస్తారు. కొన్ని వస్తువులకి ఫలానా మొత్తం విరాళం ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ వేసి చీటీ తీస్తారు, కొన్నిటికి వేలం.

ఆ పేపరు తప్పని అనేంత చదువు నాకు లేదు. కానీ వేలంపాట దగ్గర కూర్చున్నప్పుడు జనం ఆ సూత్రం ప్రకారం చేతులు దించుతున్నట్టు నాకైతే కనపడలేదు. హైదరాబాదు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బాలాపూర్ వినాయకుడి 21 కిలోల లడ్డూని 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలకి పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు. ముప్పై ఏళ్ళల్లో ఏడాదికి సుమారు 34 శాతం చొప్పున పెరిగింది! ఆ డబ్బు ఊరి అభివృద్ధికి వాడతారు. ఏ సూత్రమూ 21 కిలోల లడ్డూకి 30 లక్షలు కట్టదు. అక్కడ పాడేవాడు ఊరందరి ముందూ పాడుతున్నాడు, లడ్డూ పొలంలో చల్లితే పంట బాగుంటుందన్న నమ్మకం ఉంది, పరువుంది, పంతం ఉంది. డెజర్ట్ బస్ వేలంలో పంతం అంతగా కనపడదు, గెలిచినవాడు చాలాసార్లు ఒక మారుపేరు మాత్రమే. కానీ అక్కడ ఇంకోటి ఉంది, చేసినవాళ్ళు చూస్తూ ఉంటారు. నువ్వు నాలుగు నెలలు కుట్టినదాన్ని నీ కళ్ళముందే ఒకరు పట్టుకుని, ఇది ఎలా చేశారో చూడండి అని వివరంగా చెబుతుంటే, ధర వంద, రెండొందలు, అయిదొందలు అని పైకి పోతూ ఉంటుంది.

మా అమ్మమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు నాలుగైదు పొరలు వేసి, చుట్టూ పంచె అంచు పెట్టి, ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ దానికే. మా ఇంట్లో అలాంటివి ఓ పది ఉండేవి. వాటి ధర ఎంత అని ఎవరూ అడగలేదు, అడిగితే నవ్వేవాళ్ళు. చినిగాక వడ్లు ఆరబోసుకోవటానికి వాడుకున్నాం, ఒక్కటీ మిగల్లేదు. మా ఆఫీసు పెద్దమనిషి గంటకి 5 డాలర్లు అన్నప్పుడు నాకు అవే గుర్తొచ్చాయి. ఆ 200 గంటలు ఎవరూ కొననివి. అమ్ముదామన్నా అమ్ముడుపోనివి. రాత్రి పిల్లలు పడుకున్నాక మిగిలిన గంటలని తీసుకెళ్ళి ఏ కంపెనీకి అమ్ముతుంది ఆవిడ? ఈ వేలం చేసిన పనల్లా అలాంటి గంటలకి ఒక అంగడి తెరవటం. లెక్క అక్కణ్ణించి మొదలెడితే 5 డాలర్లు కాదు, సున్నా నుంచి 5 డాలర్లు.

ఈ గంటల గొడవ ఇంతగా ఎందుకు పట్టుకున్నానో కూడా చెప్పాలి. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు తొడ ఎముక విరిగి, దానికి చీము పట్టి 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. రాత్రిళ్ళు నేను తోడు పడుకునేవాణ్ణి. కాలు కదపకూడదు, బరువు కట్టి వేలాడదీశారు. పిల్లలకి ఆసుపత్రిలో నొప్పే పెద్ద బాధ అనుకునేవాణ్ణి అంతవరకూ. నొప్పికి మందు ఉంది. "మామయ్యా, టైమెంతయ్యింది?" అని అడుగుతాడు. రెండూ పది. మళ్ళీ చాలాసేపయ్యాక "ఇప్పుడెంత?" అంటాడు. రెండుంబావు. దానికి మందు లేదు. పైన ఫ్యాను, ఎదురుగా తెల్లగోడ. ఆపే మీట లేదు, తొందరగా తిప్పే మీట లేదు. అప్పుడు నా ఫోనులో ఒక కార్ల పందెం ఆట వేసిచ్చాను. గంటన్నర టైము అడగలేదు. పొద్దున్న నర్సమ్మ వచ్చి, "ఫోనిస్తే కళ్ళు పాడవుతాయండీ" అని నాకు చివాట్లు పెట్టి, ఓ నిమిషం ఆగి వాడి పక్కన నిలబడి తనూ చూసింది.

చైల్డ్స్ ప్లే కొనిపెట్టేవి అవే, టైము అడగనివ్వని వస్తువులు. ఇందాక మెలిక అన్నది ఇదే. 1993లో సెనేటర్లు పిల్లలని ఆటల నుంచి కాపాడాలన్నారు. దాన్ని వెక్కిరించటానికి ఇద్దరు ఇంద్రజాలికులు పిల్లలెవరూ ఆడలేని ఆట చేశారు. 2003లో మళ్ళీ అదే పాట పాడితే ఇంకో ఇద్దరు పిల్లలకి ఆటలు పంచటం మొదలెట్టారు. ఆ రెండు వెక్కిరింతలూ 2007లో ఒకదానికొకటి తగిలితే, పెద్దవాళ్ళు ఏటా వంతులేసుకుని ఆ విసుగంతా తాము భరించి, ఆసుపత్రి పిల్లలకి విసుగు తగ్గించే డబ్బు పోగేస్తున్నారు. ఎవరూ దీన్ని ముందు గీసి పెట్టుకోలేదు. మన వృత్తిలో ఇలాంటివాటిని పొరపాటున సరిగ్గా పనిచేసిన బగ్గు అంటాం.

అభ్యంతరాలు లేకపోలేదు. ఆసుపత్రి పిల్లాడికి ఆట కొనటానికి ఎవడో నిద్ర మానుకుని ఒళ్ళు పాడుచేసుకోవాలా, నేరుగా డబ్బు ఇవ్వలేరా అని అడిగేవాళ్ళున్నారు. ఇవ్వగలరు, ఇవ్వరు. నేనే ఇవ్వలేదు. చైల్డ్స్ ప్లే గురించి తెలిసి కూడా, ఒక అర్ధరాత్రి ఆ బస్సుని చూస్తూ కూర్చుని, ఒక అల్లిక బొమ్మకి 60 డాలర్ల దాకా పాడి ఓడిపోయేదాకా నా జేబులోంచి పైసా కదల్లేదు. ఓడిపోయాక ఆ 60 ఊరికే ఇచ్చేశాను. ఆ పేపరు రాసిన నలుగురికి ఇది ఏ గడిలో వేసుకోవాలో తెలుసేమో.

2017లో ఈ ఆటకి కొత్త రూపం వచ్చింది, కళ్ళకి పెట్టుకునే వీఆర్ అద్దాలతో ఆడేలా, ఉచితంగా. అందులో స్నేహితులు బస్సులో ఎక్కి కూర్చోవచ్చు, డ్రైవరు మీద కాగితపు ఉండలు విసరచ్చు. ఇరవై రెండేళ్ళకి ఎవరో ఎక్కారన్నమాట. నా మట్టుకు నాకు పాత ఖాళీ బస్సే ఇష్టం.

మా మేనల్లుడు ఇప్పుడు చక్కగా పరిగెడుతున్నాడు. పోయిన వేసవి సెలవులకి వచ్చినప్పుడు వాడికి పాత ఆటని నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. అయిదు నిమిషాలు నడిపి, "మామయ్యా, ఎవరూ ఎక్కరా?" అన్నాడు. ఎక్కరురా అన్నాను. "మరి స్టాపులు?" ఆగే పనిలేదన్నాను. ఇరవై నిమిషాలు మహా బుద్ధిగా నడిపాడు, నేను ఆశ్చర్యపోయాను. తరవాత కావాలనే రోడ్డు దించేశాడు. లాక్కెళ్ళే బండి వచ్చి బస్సుని తగిలించుకుని వెనక్కి బయల్దేరితే వాడికి అది బాగా నచ్చింది. మీటలు వదిలేసి, మోకాళ్ళు ముడుచుకుని కుర్చీలో కూర్చుని, అమ్మ అన్నానికి పిలిచేదాకా అలా చూస్తూనే ఉన్నాడు.